ముందు మీ టవల్ సంగతి చూడండి

మన పరిశ్రమలకు పర్యావరణం మీద ప్రేమ లేదంటే కళ్లు పోతాయి. ఉంది. కాకపోతే ఆ ప్రేమకో వరస ఉంది. ఖర్చు తగ్గించే పని ముందు, ఖర్చులేని పని తర్వాత. ఖర్చయ్యే పనికి కమిటీ వేశారు.

పెద్ద హోటల్లో దిగి చూడండి. బాత్రూంలో అద్దం పక్కన చిన్న పచ్చ కార్డు ఉంటుంది: భూమిని కాపాడాలనుకుంటే టవల్ కొక్కేనికి తగిలించండి, ఉతకాలనుకుంటే కింద పడేయండి. ఒళ్లు తుడుచుకున్నప్పుడల్లా మనకో ధర్మసంకటం. లాండ్రీ ఖర్చు మిగిలేది యజమానికి, పాపం చుట్టుకునేది మనకి. లాబీలో ఏసీ దగ్గర అలాంటి కార్డేమీ కనిపించదు. నడి మే నెలలో కూడా రిసెప్షన్‌లో అమ్మాయి స్వెటర్ వేసుకునే నమస్కారం పెడుతుంది.

సాఫ్ట్‌వేర్ వాళ్ల మనసు ఇంకా సున్నితం. ఈమెయిల్ అడుగున చిట్టి చెట్టు బొమ్మ, ప్రింట్ తీసే ముందు ప్రకృతిని తలుచుకోమని విన్నపం. కాగితం మిగిలింది, సంతోషం. ఆ మెయిల్ కాపురముండే డేటా సెంటర్‌కు కరెంటెంత, దాన్ని చల్లబరిచే నీళ్లెక్కడివి అంటే మాత్రం అది వేరే డిపార్ట్‌మెంట్. విశాఖలో గూగుల్ పెడతామని 2025 అక్టోబరులో ప్రకటించిన ఏఐ హబ్ గిగావాట్ స్థాయిది. పరవాడ సింహాద్రి థర్మల్ కేంద్రం మొత్తం సామర్థ్యమే రెండు గిగావాట్లు. గిగావాటంటే ఎంతో తెలియాలని చెప్పానంతే.

సిమెంటుది మరో చిక్కు. సున్నపురాయిని కాల్చితే ఆ రాయిలోంచే బొగ్గుపులుసు వాయువు వస్తుంది. ఆ పరిశ్రమ వదిలేదాంట్లో సగానికి పైగా అదే. అందుకని థర్మల్ కేంద్రాల బూడిద కలుపుతారు. పీపీసీ అనే రకం సిమెంటులో 35 శాతం దాకా కలపొచ్చు. బస్తా మీద ఆకు బొమ్మ వేస్తారు. మంచి పనే, నేను కాదనను. బూడిద చెరువులో ఉండేకంటే గోడలో ఉండటం నయం. సున్నపురాయిని కాల్చి తీసే క్లింకర్ కంటే బూడిద ఖరీదైతే ఈ మంచిబుద్ధి పుట్టేదా అని మాత్రం నన్నడక్కండి.

అసలు కథానాయకుడు థర్మల్ విద్యుత్తు. పొగలో గంధకపు వాయువు తగ్గించాలని, రెండేళ్లలో అది జరిగిపోవాలని 2015 డిసెంబరులో కేంద్రం ఆజ్ఞాపించింది. అందుకు కావలసింది ఎఫ్‌జీడీ అనే యంత్రం. సున్నపురాయి కలిపిన నీటితో పొగను కడిగి బయటికి వదులుతుంది, చివరికి జిప్సం మిగులుతుంది. ఇందులో బ్రహ్మవిద్యేం లేదు. 2017 వచ్చింది, 2022కి పొడిగించారు. ఆ తర్వాత కేంద్రాలను మూడు తరగతులు చేసి, తరగతికో గడువు చొప్పున జరుపుతూ పోయారు. 2024 ఆఖరుకు ఆ గడువులు 2027 నుంచి 2029 దాకా సాగాయి. చివరికి 2025 జూలైలో సుమారు 78 శాతం కేంద్రాలకు ఆ బాదరబందీ లేకుండా చేసేశారు. మన బొగ్గులో గంధకం తక్కువట, చిమ్నీలు ఎత్తట, యూనిట్‌కు పావలా పైచిలుకు వినియోగదారుడికి మిగులుతుందట. పదేళ్లు పరీక్ష వాయిదా వేయించుకున్నవాడి కోసం సబ్జెక్టునే సిలబస్‌లోంచి తీసేసినట్టుంది. పాపం, చెప్పిన మాట విని ముందే కోట్లు పోసి యంత్రం బిగించుకున్నవాళ్లూ ఉన్నారు. బుద్ధిమంతుల్ని చూసి జాలిపడటం తప్ప ఏం చేస్తాం!

ఇక మందుల కంపెనీలు. వీళ్ల దానగుణం ప్రపంచానికి తెలిసింది 2007లో. పటాన్‌చెరులో ఈ కంపెనీల వ్యర్థజలాలు చేరే ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్లను స్వీడన్ శాస్త్రవేత్తలు పరీక్షిస్తే, లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ తేలింది. మాత్ర మింగిన రోగి రక్తంలో కూడా అంత ఉండదు. ఇది శుద్ధి చేశాక సంగతి. చీటీ అడక్కుండా, ఫీజు పుచ్చుకోకుండా వాగులో కప్పలకు కూడా యాంటీబయాటిక్ కోర్సు పెట్టిన ఘనత ఇంకెక్కడుంది? కాకపోతే ఆ కోర్సుకు సూక్ష్మజీవులు అలవాటుపడితే, రేపు అదే మాత్ర మనకు పనిచేయదు. అప్పుడు ఇంకాస్త ఖరీదైన మాత్ర తయారుచేస్తారు. సుస్థిర వ్యాపారమంటే ఇదే.

యాంటీబయాటిక్ తయారీ వ్యర్థజలాల్లో ఏ మందు ఎంత మించకూడదో చెబుతూ 2020 జనవరిలో కేంద్రం ముసాయిదా తెచ్చింది. అందులో మందుల పేర్లూ పరిమితులూ వరసగా ఉన్నాయి. 2021 ఆగస్టులో తుది నోటిఫికేషన్ వచ్చింది. అందులో ఆ పట్టిక లేదు.

ఆ మరుసటి ఆర్థిక సంవత్సరం నుంచే, అంటే 2022-23 నుంచి, మార్కెట్ విలువలో తొలి వెయ్యి లిస్టెడ్ కంపెనీలు సుస్థిరత నివేదిక ఇచ్చి తీరాలని సెబీ తప్పనిసరి చేసింది. అందులో ఒక ప్రశ్న: పర్యావరణ చట్టాలన్నీ పాటిస్తున్నారా? మందు మోతాదుకు పరిమితే లేనప్పుడు దాటేదేముంది? నిక్షేపంలా 'అవును' అని రాసుకోవచ్చు. అబద్ధం కూడా కాదు.