మూడో ప్రమాద హెచ్చరిక ఎప్పుడండీ?

ధవళేశ్వరం దగ్గర గోదావరి 10 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక. 13 లక్షలకు రెండోది. 17 లక్షలకు మూడోది. ఇక చూడండి హడావుడి! అధికారులు లంకల్లోకి ఉరుకుతారు. మంత్రిగారు హెలికాప్టరెక్కుతారు. టీవీ కుర్రాడు మోకాలి లోతు నీళ్లలో నిలబడి పీకల్లోతని అరుస్తాడు.

బడికీ ఒక కొలబద్ద ఉంది. దాని పేరు అసర్ సర్వే. రెండో తరగతి స్థాయి కథ చేతికిచ్చి చదవమంటారు. అర్థం దాకా వెళ్లరు, చదివితే చాలు. మన ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో మూడో తరగతి పిల్లల్లో అది చదవగలిగినవాళ్లు 2018లో నూటికి 22.6. 2022లో 10.3. సర్కారు బడి, ప్రైవేటు బడి కలిపిన లెక్కే ఇది. ఏటికైతే మట్టం తగ్గితే గండం గడిచినట్టు. ఇక్కడ తగ్గడమే గండం. ఎవరైనా హెలికాప్టరెక్కారా?

కరోనాలో బడులు మూతపడ్డాయి కదా అంటారు. సరే, ఒప్పుకుందాం. మరి 2018లో ఏ వైరస్ ఉంది? నూటికి 77 మంది అప్పటికే మునిగి ఉన్నారు కదండీ!

మొన్న కోనసీమలో ఓ లంక ఊరి బడికి వెళ్లాను. ఐదో తరగతి కుర్రాడు పాఠం గడగడా చదివేశాడు. కామా దగ్గర ఆగలేదు. ఫుల్‌స్టాప్ దగ్గరా ఆగలేదు. ఊపిరి అయిపోయిన చోట ఆగాడు. అది పడవ మునిగిన కథ.

"పడవ ఎందుకు మునిగిందిరా అబ్బాయ్?"

"అది నాలుగో ప్రశ్నండి. మాస్టారు జవాబు ఇంకా బోర్డు మీద రాయలేదండి."

"ఇప్పుడే చదివావుగా?"

"ఆయ్, చదివేసానండి."

వాళ్ల నాన్న రేవులో పడవ నడుపుతాడు. పుస్తకం మూయించి కుర్రాణ్ణి అదే ప్రశ్న మళ్లీ అడిగాను. పావుగంట చెప్పాడండీ. జనం ఒక పక్కకి ఒరిగితే ఏమవుతుందో, సుడి ఎక్కడ తిరుగుతుందో, ఎర్రనీరు వచ్చినప్పుడు పడవ ఎక్కడ కట్టెయ్యాలో. ఆ తెలివి ఈ ఒడ్డున ఉంది. ఆ పేజీ అవతలి ఒడ్డున ఉంది. దాటించే నాథుడే లేడు. అర్థం లేని చదువంటే బెల్లం, నెయ్యి లేని పూతరేకే. నోట్లో వేసుకుంటే కాగితం.

మాస్టారిని తిడదామా? తేలికే. కానీ ఆయన పొద్దున్నే ఫోనుకి మొహం చూపించి హాజరు వేసుకోవాలి. భోజనం లెక్క ఎక్కించాలి. ఆమధ్య మరుగుదొడ్డి ఫొటో కూడా పంపమన్నారు. దొడ్డి శుభ్రంగా ఉందా అని అడిగిన ప్రభుత్వం, పిల్లాడికి అర్థమైందా అని అడగలేదేం? అర్థానికి ఫొటో రాదు మరి.

ఇవ్వడంలో మాత్రం ఏ సర్కారూ తక్కువ తినలేదు. విద్యా కానుక పోయి విద్యార్థి మిత్ర వచ్చింది. అమ్మ ఒడి పోయి తల్లికి వందనం వచ్చింది. 2022లో జీవో 117 పెట్టి మూడు, నాలుగు, ఐదు తరగతుల పిల్లల్ని హైస్కూళ్లకి తోలారు. 2025లో ఆ జీవోని తోలేశారు. 2022 డిసెంబరు 21 నుంచి ఎనిమిదో తరగతికి లక్షల ట్యాబులు పంచారు, లోపల బైజూస్ కంపెనీ పాఠాలు. 2024లో ఆ బైజూసే దివాలా కేసులో పడింది. 2021లో కేంద్రం నిపుణ్ భారత్ అంది. 2026-27 కల్లా మూడో తరగతి దాటే ప్రతి బిడ్డా అర్థం చేసుకుంటూ చదవాలట. పేరు బాగుంది. ఎవరు నిపుణులయ్యారు? బ్యానర్లు కట్టేవాళ్లా?

బడి భోజనానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. సంతోషం. లంకల గన్నవరంలో ఆ తల్లి వేళ కాని వేళ వచ్చినవాడికీ ఆకలి చూసి అన్నం పెట్టిందని ఇప్పటికీ చెప్పుకుంటాం. పేరు తీసుకున్నారు గానీ, ఆకలి చూసి వడ్డించే పద్ధతి బడిలోకి తెచ్చారా? అక్షరాలు కూడబలుక్కునేవాడికీ, గడగడా చదివేవాడికీ ఒకటే పేజీ, ఒకటే గరిటె.

మందు లేదా అంటే ఉంది. బ్రహ్మవిద్యేం కాదు. రోజూ కాసేపైనా తరగతిని పక్కనపెట్టి, చదివే స్థాయిని బట్టి పిల్లల్ని కూర్చోబెట్టాలి. ప్రథమ్ సంస్థ ఏళ్ల తరబడి చేస్తున్న పనే ఇది. ముంబయి, వడోదర బడుల్లో వెనకబడ్డ పిల్లలకి విడిగా చెప్పిస్తే ఏమవుతుందో కొలిచిన అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లోలకు 2019లో నోబెల్ కూడా వచ్చింది. పేరా చదివించి ఆపండి. తర్వాత ఏమవుతుందని అడగండి. పుస్తకం మూయించి సొంత మాటల్లో చెప్పమనండి. 'ఆయ్' అంటూ గోదారి యాసలో చెప్పినా వినండి. తప్పితే ఆ వాక్యం దగ్గరికే మళ్లీ తీసుకెళ్లండి. నాలుగు కథల పుస్తకాలు, ఒక ఓపికున్న మనిషి చాలు. రిబ్బను కత్తిరించడానికి ఇందులో ఏమీ లేదు. అదే దీని దరిద్రం!

రాజమండ్రిలో వేలకి వేలు ఫీజు కట్టే నాన్నగారూ, మీరేం నవ్వక్కర్లేదు. "మావాడు ఇంగ్లీషు టకటకా చదివేస్తాడండీ!" చదువుతాడు. ఏం చదివాడో మాత్రం అడక్కండి, పరువు పోతుంది.

1874లో వీరేశలింగం ఆడపిల్లలకు బడి పెట్టింది కూడా ఆ ధవళేశ్వరంలోనే. నీటిమట్టం గంటగంటకీ రాసుకునే ఊరది. మరి చదువు మట్టం ఎవరు రాసుకుంటున్నారు?

2024 డిసెంబరు 7న రాష్ట్రమంతా మెగా తల్లిదండ్రుల సమావేశాలు పెట్టారు. మళ్లీ పిలుస్తారు. వెళ్లండి. సెల్ఫీ దిగే ముందు ఒక్క మాట అడగండి: "మాస్టారూ, మావాడి చేత ఒక పేరా చదివించి, వాడికి ఏం అర్థమైందో నా ఎదురుగా అడగండి."