ఊదారంగు విప్లవం వర్ధిల్లాలి

మాదాపూర్‌లో ముహూర్తాలు లేని శనివారం ఉంటుందేమో గానీ మీటప్ లేని శనివారం ఉండదు. మెడలో ట్యాగు, గోడమీద క్యూఆర్ కోడ్, వెనక బల్లమీద సమోసాలు. ఈసారి విషయం వెబ్ డిజైన్‌లో జనరేటివ్ ఏఐ. వచ్చినవాళ్లలో సగంమంది ఉద్యోగం వెతుక్కుంటున్నవాళ్లు, మిగతా సగం ఉన్న ఉద్యోగం ఎన్నాళ్లుంటుందో కనుక్కుందామని వచ్చినవాళ్లు. అందరికీ కలిపి స్పీకర్ ఒకటే శుభవార్త చెప్పాడు: ఇకమీదట డిజైనర్లు అక్కర్లేదు. ముందు వరసలోని డిజైనర్లే అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టారు.

తర్వాత డెమో. పచ్చళ్ల వ్యాపారానికి వెబ్‌సైట్ చెయ్యమని ఒక ప్రాంప్ట్ కొడితే నిమిషం తిరక్కుండా పేజీ వచ్చి పడింది. ఊదారంగు గ్రేడియంట్, నడిమధ్యన లావుపాటి ఇంగ్లీషు హెడ్డింగ్, గుండ్రటి మూలల బటన్, దాని కింద మూడు పెట్టెలు, వాటిలో రాకెట్, మెరుపు, డాలు. గోంగూరకి రాకెట్ దేనికని ఎవరూ అడగలేదు. పళ్ల డాక్టరుకి ఇంకో సైటు అడిగారు. అదే ఊదా, అవే పెట్టెలు, అదే రాకెట్. ఇక్కడ మాత్రం కాస్త నప్పిందనే చెప్పాలి.

ఈ ఊదాకి వంశచరిత్ర ఉంది. వెబ్ పేజీల అలంకరణకి వాడే టెయిల్‌విండ్ సీఎస్ఎస్ సృష్టికర్త ఆడమ్ వాథన్ తమ నమూనా బటన్లన్నిటికీ అప్పట్లో ఇండిగో అనే ఊదా వేసినందుకు 2025లో సరదాగా క్షమాపణ కూడా చెప్పుకున్నాడు. ఆ బటన్లు నెట్ అంతా పాకాయి, నెట్‌లో ఎక్కువమంది వేసిందే ఏఐ మోడల్‌కి ఇష్టం. ఇప్పుడది వండే పేజీలు నెట్ నింపుతున్నాయి, రేపటి మోడల్ వాటిని చదువుకుని ఇంకాస్త ఊదాగా పుడుతుంది.

లేత ఊదామీద తెల్లక్షరాలు కనిపించక నాలాంటివాళ్లు కళ్లజోడు తుడుచుకోవడం మొదలెట్టారు. మామూలు అక్షరాలకీ వెనక రంగుకీ కనీసం 4.5:1 కాంట్రాస్ట్ ఉండాలని, వెబ్ అందరికీ అందాలని రాసిన డబ్ల్యూసీఏజీ మార్గదర్శకాల నియమం. వెబ్‌ఎయిమ్ సంస్థ ఏటా పది లక్షల హోమ్ పేజీలను పరీక్షిస్తుంది. 2025లో 94.8 శాతం పేజీల్లో ఇలాంటి నియమాల ఉల్లంఘన దొరికింది, అందులో మొదటి స్థానం మసకబారిన అక్షరాలదే. అంటే క్లాసంతా తప్పిన పరీక్షలో పక్కవాడి పేపరు చూసి రాసినవాణ్ణి తెచ్చి మనం మాస్టారి కుర్చీలో కూర్చోబెట్టాం.

అప్పుడు వెనకనుంచి ఒక కుర్రాడు లేచాడు. "అన్నా, ఆ హెడ్డింగ్ తెలుగులో పెట్టి చూపించరా?" స్పీకర్ నవ్వి పెట్టాడు. పై వరస ఒత్తులన్నీ కింది వరస గుడులమీద ఎక్కి కూర్చున్నాయి. తప్పు తెలుగుది కాదు. పెద్ద హెడ్డింగులకి వరసల మధ్య ఎడం ఇంగ్లీషు అక్షరాల కొలతకి బిగించి పెట్టారు, అందులో ఒత్తులకి చోటే లేదు. స్పీకర్ రెండుసార్లు ప్రాంప్ట్ మార్చాడు. మొదటిసారి ఒత్తులు తెగిపోయాయి, రెండోసారి హెడ్డింగే మాయమైంది.

"అది ఎడ్జ్ కేస్, బ్రో."

2011 జనాభా లెక్కల్లో తెలుగు మాతృభాషగా రాయించుకున్నవాళ్లు 8 కోట్ల 11 లక్షలు. అంతమందిని ఒక్క మాటతో అంచుకి నెట్టేశారు, అదీ హైదరాబాద్‌లో కూర్చుని. ఆపిల్ కాస్త నయం. 2018 ఫిబ్రవరిలో ఒక్క 'జ్ఞా' మెసేజ్‌లో వస్తే చాలు, ఐఫోన్‌లో యాప్‌లు కుప్పకూలేవి. అయినా వాళ్లు దాన్ని అంచు అనలేదు, ఆ నెలలోనే ఐఓఎస్ 11.2.6 అప్‌డేట్ పంపారు.

ఇలా కోడ్ సంగతి పట్టించుకోకుండా ఏఐకి చెప్పి చేయించుకోవడానికి 'వైబ్ కోడింగ్' అని 2025లో పేరు పెట్టిన ఏఐ పరిశోధకుడు ఆండ్రే కార్పతీ, వాడి పారేసే వారాంతపు ప్రాజెక్టులకు అది ఫరవాలేదన్నాడు. మనవాళ్లు ఆ షరతునే పారేసి, వారంలో క్లయింటుకి అప్పజెప్తామని స్లైడు వేశారు.

చివరి స్లైడు అందరికీ తెలిసిందే: ఏఐ మీ ఉద్యోగం తీసుకోదు, ఏఐ వాడేవాడు తీసుకుంటాడు. ఫోటోలకోసం ఫోన్లన్నీ లేచాయి. ఆ వాడేవాడు మీరే కావాలంటే కోర్సుంది, క్యూఆర్ స్కాన్ చెయ్యండి అన్నారు. చేశాను. తెల్లటి పేజీ, నల్లటి అక్షరాలు, ఎక్కడా ఊదా లేదు, రాకెట్ లేదు. ఫీజు పక్కన 'ఇప్పుడే చేరండి' అని తెలుగు బటన్, ఒత్తు చెక్కుచెదరకుండా తన చోట తానుంది. ఆరా తీస్తే, ఆ పేజీ ఒక డిజైనర్‌కి డబ్బిచ్చి చేయించారట.