వెండర్ కోడ్ కలిపేటప్పుడు వినకూడని సలహాలు

చిప్ కంపెనీ ఇచ్చిన కోడ్‌ను జీపీఎల్ లైసెన్స్ ఉన్న ప్రాజెక్టులో కలిపే రోజున పక్క సీట్ల నుంచి సలహాలు అడక్కుండానే వస్తాయి. అన్నిటికంటే చేటు చేసేది ఇది: "పైన బీఎస్‌డీ లైసెన్స్‌లాగే ఉంది కదా, పెట్టేసెయ్."

పెట్టేయకండి. ఫైల్ మొదట్లో ఉన్న లైసెన్స్‌ను చివరి లైను దాకా చదవండి. చిప్ కంపెనీ అట్మెల్ తన సాఫ్ట్‌వేర్ ఫ్రేమ్‌వర్క్ ఫైళ్లలో పెట్టిన లైసెన్స్‌నే చూడండి. మొదటి మూడు షరతులూ అచ్చం బీఎస్‌డీవే: సోర్స్‌లో కాపీరైట్ నోటీసు ఉంచాలి, బైనరీతోనూ ఇవ్వాలి, కంపెనీ పేరు ప్రచారానికి వాడకూడదు. చాలామంది అక్కడితో చదవడం ఆపేస్తారు. నాలుగోది వేరు: అట్మెల్ మైక్రోకంట్రోలర్‌తో మాత్రమే వాడాలి, పంచాలి. జీపీఎల్ రెండో వెర్షన్ ఆరో సెక్షనేమో, కోడ్ అందుకున్నవాళ్ల హక్కులపై కొత్త ఆంక్షలేవీ పెట్టొద్దంటుంది. ఈ రెండూ ఒకే ఫర్మ్‌వేర్‌లో కుదరవు. రేపు ఆ ప్రోగ్రామ్‌ను ఇంకో చిప్ మీదికి మార్చుకోవాలనుకునేవాళ్ల కోసమే ఆ సెక్షన్ ఉంది. మన డెడ్‌లైన్ కోసం వాళ్ల హక్కును తాకట్టు పెట్టడం అన్యాయం.

"వేరే ఫోల్డర్‌లో పెడితే చాలు." చాలదు. అన్నీ లింక్ చేసి ఒకే ఇమేజ్‌గా బయటికి పంపుతున్నప్పుడు ఫోల్డర్ ఏదైతేనేం?

"అపాచీ కూడా ఓపెన్ సోర్సే." నిజమే. కానీ అపాచీ 2.0లోని పేటెంట్ షరతులు జీపీఎల్ 2తో పొసగవనీ, 2007లో వచ్చిన జీపీఎల్ 3తో పొసగుతాయనీ ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ చెబుతుంది. మీ ప్రాజెక్టు ఫైళ్లలో "లేదా ఆ తర్వాతి ఏ వెర్షనైనా" అన్న మాట ఉంటే గట్టెక్కినట్టే. లైనక్స్ కెర్నల్ మొత్తానికి వర్తించే లైసెన్స్‌లో ఆ మాట లేదు.

"మాడ్యూల్‌లో జీపీఎల్ అని రాస్తే కెర్నల్ ఏమీ అనదు." లైనక్సాంట్ అనే కంపెనీ డ్రైవర్‌లో 2004లో బయటపడింది ఇలాంటిదే. లైసెన్స్ స్ట్రింగ్‌లో జీపీఎల్ అన్న అక్షరాల వెంటనే ఒక సున్నా బైట్ పెట్టారు. స్ట్రింగ్ అక్కడితో అయిపోయిందనుకుని కెర్నల్ దాన్ని జీపీఎల్ మాడ్యూల్‌గానే లెక్కేసింది. ఆ మాట ఒక్క ఫోల్డర్‌కే వర్తిస్తుందన్న సంగతి సున్నా తర్వాత ఉంది. కెర్నల్ డెవలపర్లు పట్టేశారు.

"అయినా ఎవరు చూస్తారు?" చూస్తారు. లింక్‌సిస్ డబ్ల్యూఆర్‌టీ54జీ రౌటర్‌లో లైనక్స్ ఉందని 2003లో బయటివాళ్లే కనిపెట్టారు. కంపెనీ సోర్స్ విడుదల చేయక తప్పలేదు. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ ప్రాజెక్టు ఆ సోర్స్ మీదే మొదలైంది.

చేయాల్సింది కష్టమే కానీ దారి ఉంది. జీపీఎల్‌తో పొసగని షరతు తీసేయమని వెండర్‌కు రాసి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. ప్రాజెక్టు కాపీరైట్ మొత్తం మీదే అయితే మీ జీపీఎల్ లైసెన్స్‌కు మీరే ఒక మినహాయింపు చేర్చుకోవచ్చు. పదిమంది రాసిన కోడ్ అయితే పదిమందీ ఒప్పుకోవాలి. యూఆర్ట్ లాంటి చిన్నవాటికి డేటాషీట్‌లో రిజిస్టర్ల పట్టిక చూసి డ్రైవర్ మీరే రాసుకోవడం మేలు. వైఫై స్టాక్ లాంటి, సొంతంగా రాసుకోలేనిదైతే మాత్రం, వెండర్ జవాబు చేతికొచ్చేదాకా ఆ చిప్‌ను ఖరారు చేయకండి.