మా హాల్లో పెద్ద మలుపు

హైదరాబాదు–విజయవాడ హైవే మా సూర్యాపేట మీదుగానే పోతుంది. 2016లో జిల్లా కేంద్రమూ అయ్యాం. రైల్వే స్టేషన్ ఒక్కటే తక్కువ. మా ఆవిడది మిర్యాలగూడ. అక్కడ స్టేషనుంది, నారాయణాద్రి ఎక్స్‌ప్రెస్ ఆగుతుంది. పెళ్ళయిన నాటి నుంచీ ఈ విషయంలో అత్తగారింటివాళ్ళు నన్ను జాలిగా చూస్తుంటారు. అందుకే రిటైరవగానే నా రైలు నేనే తెప్పించుకున్నా. కొరియర్‌లో దిగింది.

అసలు రైలులో 87వ వంతు సైజు ఇది. హెచ్‌వో అంటారు. పట్టాల మధ్య ఎడం 16.5 మిల్లీమీటర్లు. మన బ్రాడ్‌గేజి 1676ను 87తో భాగిస్తే 19 దాటుతుంది. అంటే నా బండి పుట్టుకతోనే బక్కది. దానికి సర్దుకుపోయా. సర్దుకోనిదల్లా మలుపు.

బ్రాడ్‌గేజి పట్టాను 10 డిగ్రీలకు, అంటే 175 మీటర్ల వ్యాసార్ధానికి మించి బిగువుగా తిప్పకూడదని మన రైల్వే నియమం. ఆ లెక్కన నాకు రెండు మీటర్ల వ్యాసార్ధం కావాలి. బండి వెనక్కి తిరగడానికి నాలుగు మీటర్ల వెడల్పు. హాల్లో ఆ జాగా ఉంది గానీ, అందులో దివాను, టీవీ, మా అత్తగారు ఉన్నారు. మూడింటిలో ఏదీ జరగదు. కాబట్టి పట్టాలే వంగాలి. 45 సెంటీమీటర్ల వ్యాసార్ధం దగ్గర రాజీ కుదిరింది. అసలు రైలుకు అది 39 మీటర్ల మలుపు. రెండడుగుల గేజి మీద నడిచే డార్జిలింగ్ కొండబండి దాన్ని చూసి నవ్వుతుంది గానీ, బ్రాడ్‌గేజి బండి అయితే పొలాల్లోకి దిగుతుంది.

వంగే పట్టా గజం పొడవుంటుంది. చేత్తో మెల్లగా వంచుతుంటే ప్లాస్టిక్ స్లీపర్లు విసనకర్ర పుల్లల్లా బయటివైపు విచ్చుకుంటాయి. లోపలి పట్టాకు దారి తక్కువ గనక, దాని కొస ముందుకు పొడుచుకొస్తుంది. ఆ మిగులు కోసెయ్యాలి. అతుకు మలుపు మధ్యలో పడితే వంపు పోయి కోణం వస్తుంది, బండి సరిగ్గా అక్కడే పడుతుంది. అందుకని రెండు ముక్కల్నీ తిన్నగా ఉండగానే సోల్డరింగుతో అతికి, ఆ తర్వాత వంచి, ప్లైవుడ్‌కు సన్నమేకులు కొట్టాలి.

"ఏందయ్యా, మా అమ్మ కాళ్ళ కాడ ఈ సీలలేంది?" అంది మా ఆవిడ.

"రైల్వే లైను పడుతుంటే భూమి పోయినోళ్ళు అట్లనే అడుగుతరు" అన్నా.

ఎల్‌హెచ్‌బీ రకం ప్రయాణికుల పెట్టె అసలు పొడవు 23.54 మీటర్లు, నా దగ్గర 27 సెంటీమీటర్లు. బిగువు మలుపులో దాని నడుము లోపలికి, మూలలు బయటికి తోసుకొస్తాయి. మొదటి పెట్టె మూల అత్తగారి తమలపాకుల డబ్బాను పక్కకు నెట్టేసింది. రెండోది సున్నం కాయను దొర్లించింది. బండి మాత్రం పట్టా తప్పలేదు. చుట్టూ తిరిగొచ్చి ఆగింది. నేను అత్తగారి మొహం వంక గర్వంగా చూశా.

ఆవిడ సున్నం కాయ ఏరుకుని, "మంచిగనే ఉంది గానీ అల్లుడూ, ఇంతసేపు తిప్పి ఎక్కిన కాణ్నే దింపినవ్. బస్సెక్కితే ఈపాటికి కోదాడ దాటుతుంటిమి" అంది.