ఇంకో అయిదేళ్లు డ్రైవరునే

ప్రభుత్వానికి నా మీద నమ్మకం తగ్గిపోతోందని నా డ్రైవింగ్ లైసెన్సే చెబుతోంది. 1996లో, ముప్ఫయ్యో ఏట మొదటిసారి ఇచ్చినప్పుడు ఇరవై ఏళ్లదాకా మొహం చూపించక్కర్లేదంది. యాభై నిండగానే అయిదేళ్లకోసారి కనబడి వెళ్లమంది. 2019 సవరణ చట్టం వచ్చాక కుర్రాళ్లకీ పాతరోజులు పోయాయి లెండి. ముప్ఫైలోపు తీసుకుంటే నలభై నిండేదాకా, ముప్ఫై నుంచి యాభైలోపు అయితే పదేళ్లు. యాభై అయిదు దాటిన నాబోటివాళ్లకి మాత్రం అదే అయిదు. ఆ అయిదూ ఎక్కువేనని మా ఆవిడ అభిప్రాయం.

అసలు నేను నడిపేది ఎంతని! రైతుబజారుకీ, గుడికీ. విజయవాడలో ఉంటూ బెంజి సర్కిల్ తగలకుండా ఏ మూలకైనా చేరే దారులు నాకు తెలిసినన్ని ఆటోవాళ్లకి కూడా తెలియవు. కారు వెనక్కి తియ్యడమనే పని పెట్టుకోను. ముందుకే బయటపడే చోటు దొరికేదాకా గుడి చుట్టూ తిరుగుతాను. ప్రదక్షిణలు కారులోనే పూర్తవుతాయి. తప్పనిసరైతే ఆవిడ దిగి "రండి, రండి, రండి" అంటుంది. "ఆగండి" అనే మాట మాత్రం నాకెప్పుడూ చప్పుడు తర్వాతే వినబడుతుంది.

మరి రెన్యువల్ దేనికంటారా? ఆధార్ కార్డు నేనున్నానని చెబుతుంది. పాన్ కార్డు పన్ను కడతానని చెబుతుంది. రిటైరయ్యాక నాకూ ఓ పని చేతనవునని ఒప్పుకుంటున్న కార్డు ఇదొక్కటే. దాన్నెలా వదులుకుంటాను?

దరఖాస్తు ఆన్‌లైన్లో. మావాడు హైదరాబాదు నుంచి ఫోన్లో చెబుతుంటే నేను నొక్కాను. కాసేపటికి "నాన్నా, నువ్వు ఓటీపీ చెప్పు చాలు" అన్నాడు. అసలు గొడవ ఫారాల దగ్గర వచ్చింది. ఫారం 1లో మన ఆరోగ్యం సంగతి మనమే రాసి సంతకం పెట్టాలి. రేచీకటి ఉందా అని ఒక ప్రశ్న. లేదని రాశాను. "మరి రాత్రి పెళ్లిళ్లకి వెళ్తే అరగదని మూడేళ్లుగా ఎందుకంటున్నారు?" అంది ఆవిడ. వాళ్లడిగింది రేచీకటి గురించే, ఎదురొచ్చే లారీ లైట్ల గురించి కాదు గదా! హారన్ వినబడనంత చెవుడు ఉందా అని ఇంకోటి. "వినబడకపోవడమేం, కొట్టేది ఆయనేగా" అని అది మాత్రం ఆవిడే తేల్చేసింది.

నలభై దాటినవాళ్లు ఫారం 1ఎ మీద డాక్టరు సంతకం కూడా తేవాలి. మంచి వెలుతురులో ఇరవై అయిదు మీటర్ల దూరం నుంచి కారు నంబరు ప్లేటు చదవగలగాలి, కళ్లజోడుతో అయినా ఫరవాలేదు. డాక్టరు కిటికీలోంచి ఒక కారు చూపించాడు. తడుముకోకుండా గడగడా అప్పజెప్పాను. డాక్టరు మెచ్చుకోబోతుంటే, "అది మన కారే కదండీ!" అంది మా ఆవిడ. పక్క కారుది చదవమన్నాడు. చదివాను, కాస్త నెమ్మదిగా. ఎరుపూ ఆకుపచ్చా తేడా తెలుస్తోందన్నాడు. ఇక గుర్తింపు చిహ్నాలు. కుడి మోచేతి మీద మచ్చ చూపించాను. ఎలా వచ్చిందని అడిగితే, చిన్నప్పటిదన్నాను. అది స్కూటరు నేర్చుకుంటూ పడ్డప్పటిది. మా ఆవిడ ఆ ఒక్కచోట మాత్రం దయతలచి నోరు మెదపలేదు.

కొత్త కార్డు వచ్చింది. తాళం చెవి ఇంకా ఆవిడ దగ్గరే ఉంది.

మీరూ ఒకసారి కార్డు తీసి తేదీ చూసుకోండి. గడువుకి ఏడాది ముందు నుంచే దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఇదివరకటిలా నెల్లాళ్ల వెసులుబాటు ఇప్పుడు లేదు, తేదీ దాటితే స్టీరింగు ముట్టుకోకూడదు. దాటి ఏడాదయితే మళ్లీ డ్రైవింగ్ పరీక్ష పెడతారు. అందులో రివర్సు కూడా ఉంటుంది.