పామాయిల్ మట్టలు నరకండి, తీరుబడిగా బతకండి

కల్లూరు, పెనుబల్లి, వేంసూరు, సత్తుపల్లి వైపు పామాయిల్ పెట్టిన రైతులందరికీ ఈ సలహాలు. మిర్చికి మందు కొట్టీ, పత్తి ఏరించీ, వరికి కాలువ నీళ్ల కోసం కాపలా కాసీ విసిగిపోయే కదా ఈ తోట పెట్టారు? మరి ఇందులోనూ చాకిరీ ఎందుకు చేయాలి? 2021 ఆగస్టులో కేంద్రం 11,040 కోట్ల రూపాయలతో పామాయిల్ జాతీయ మిషన్ ప్రకటించింది. మొక్కకు రాయితీ ఉంది, డ్రిప్పుకు రాయితీ ఉంది. రైతు ఒంటికి విశ్రాంతి సంగతి మాత్రం ఎవరూ పట్టించుకోలేదు. ఆ సంగతి నేను చెబుతాను. తోట నున్నగా కనపడాలి, గెల కోత సులువుగా సాగాలి, దిగుబడి పోతే మాట మన మీదికి రాకూడదు. ఈ మూడు పనులూ మట్టలు నరికితే అయిపోతాయి.

1. చెట్టుకు పదిహేను మట్టలు చాలు. పెదవేగిలో ఆయిల్ పామ్ పరిశోధన సంస్థ ఉంది. వాళ్లను అడిగినా, ఉద్యాన శాఖవాళ్లను అడిగినా ఎదిగిన చెట్టుకు సుమారు 40 పచ్చ మట్టలు ఉంచమంటారు. నలభై లెక్కపెట్టాలంటే మెడ పైకెత్తి చెట్టు చుట్టూ తిరగాలి. మధ్యలో ఫోన్ మోగితే మళ్లీ మొదటికొస్తుంది. పదిహేనంటే చేతి వేళ్లూ ఒక కాలి వేళ్లూ కలిపితే సరిపోతాయి. ఎకరానికి 57 చెట్లు. చెట్టుకు పాతిక చొప్పున తీస్తే ఎకరంలో 1,425 మట్టలు కింద పడతాయి. అంత కుప్ప కళ్లముందు ఉంటే మిమ్మల్ని సోమరి అనడానికి ఎవరికి నోరొస్తుంది?

2. ఏడాదికి ఒక్కసారే నరికించండి, అదీ గుత్తకు. చెట్టు నెలకు రెండు కొత్త మట్టలు వేస్తుంది. గెల కోసినప్పుడల్లా అడ్డొచ్చిన ఒకటీ రెండూ తీసుకుంటూ పోవడం నెలనెలా తోటకు వెళ్లేవాళ్ల పద్ధతి. మీరు ముఠాను పిలిచి చెట్టుకింత అని మాట్లాడుకోండి. గుత్త కూలీ ఏ మట్ట ఉంచాలని మిమ్మల్ని అడగడు, నిద్ర లేపడు. పడుకోవడానికి గట్టు మీద వేపచెట్టు చూసుకోండి. సాయంత్రానికి పామాయిల్ కింద నీడ ఉండదు.

3. గెల కింది మట్టలను ముందు తీయించండి. కాయ ముదిరేదాకా గెలకు ఆసరాగా కింద ఒకటి రెండు మట్టలు ఉంచాలని చెబుతారు. అవి లేకపోతే కాడ బయటికి కనపడుతుంది, ఉలి ఒక్క పోటుకు దిగుతుంది. కోత త్వరగా అయిపోతుంది.

4. లేత తోటలో చెప్పినదాన్ని తిరగేసి చేయండి. కోత మొదలయ్యేదాకా పచ్చ మట్ట ముట్టొద్దనీ, రెండు రెండున్నరేళ్ల వరకు వచ్చిన పూత తీసేయమనీ చెబుతారు. మొక్క బలం కాండానికీ వేళ్లకూ పోవాలట. పూత తీయాలంటే ముళ్ల మధ్య చెయ్యి పెట్టాలి. కాబట్టి పూత వదిలేయండి, మట్టలు కోసేయండి. పిడికెడు గెల ఒకటి ముందే వస్తుంది. దాన్ని దగ్గర నుంచి ఫొటో తీసి అమెరికాలో ఉన్న బావమరిదికి పంపండి. పక్కన చెయ్యి పెట్టొద్దు, సైజు తెలిసిపోతుంది. "కాపు మొదలైంది బావా, రెండో బోరు వేయాలి" అని రాయండి. డబ్బు వస్తుంది. బోరు తర్వాత చూసుకోవచ్చు.

5. హోటల్ దగ్గర వాదన వస్తే భద్రాచలం అడవిని సాక్ష్యానికి తెచ్చుకోండి. ఫిబ్రవరి, మార్చిలో తునికి పొదలు కొడతారు, వేసవిలో కొత్త చిగురు వస్తుంది, ఆ ఆకు కోసి కట్టలు కడతారు. "కొడితేనే కదయ్యా తునికి ఆకు దండిగా వచ్చేది" అని గట్టిగా అనండి. పొగాకు తలలు తుంచడం కూడా చెప్పండి. తునికిలోనూ పొగాకులోనూ ఆకే పంట, పామాయిల్‌లో ఆకు పంటను వండే పొయ్యి అని తెలిసినవాడు ఒకడు ఎదురు మాట్లాడతాడు. పామాయిల్‌కు ఉన్నది ఒక్కటే మొవ్వు, నరికితే పక్క కొమ్మలు రావు అని కూడా అంటాడు. వాడితో వాదించకండి. వాడి టీ డబ్బులు మీరే ఇచ్చేసి ధరల మాట ఎత్తండి.

6. ఇప్పుడు అసలు సంగతి, దీన్ని జాగ్రత్తగా చదవండి. పామాయిల్‌లో తప్పు ఈరోజు చేస్తే ఫలితం ఈరోజు కనపడదు. మనలాంటివాళ్లకు ఇంత అనుకూలమైన పంట ఇంకొకటి లేదు. ప్రతి మట్ట మొదట్లో ఒక పూగుత్తి పుడుతుంది. అది ఆడదా మగదా అన్నది గెల చేతికి రావడానికి సుమారు రెండేళ్ల ముందే చెట్టు లోపల తేలిపోతుంది. ఆకు తగ్గి తిండి చాలకపోతే చెట్టు మగ పూతకు తిరుగుతుంది. మగ పూత గెల కట్టదు. అయితే అది తెలిసేసరికి కత్తి తుప్పు పట్టి ఉంటుంది.

ఈ వ్యవధిని వృథా చేయకండి. మొదటి ఏడాది చెట్టు మీద ఉన్న గెలలు ఎటూ పాత ఆకుల చలవే, అవి కోతకు వస్తూనే ఉంటాయి. ఆ లోడు తీసుకుని ఊరి నడిమి దారిన వెళ్లండి. "నరికాక కూడా ఎన్ని వచ్చాయో చూడండి" అనండి. పక్క తోట బాబాయి చేత కూడా నరికించండి. ఒక్కడి తోట పడిపోతే అది ఆ ఒక్కడి చేతగానితనం అంటారు. పది తోటలు పడిపోతే అది తెగులు అవుతుంది, పరిహారం అడగొచ్చు.

రెండేళ్ల తర్వాత గెలలు తగ్గినప్పుడు సాకులన్నీ ఒకేసారి వాడొద్దు, సీజనుకొకటి చాలు. ముందు నర్సరీని అనండి, "మగ మొక్కలు అంటగట్టారు" అని. ఒకే చెట్టుకు ఆడ పూత, మగ పూత వంతులవారీగా వస్తాయని తెలిసినవాళ్లు తక్కువ. తర్వాత ముక్కు పురుగును అనండి. పరాగసంపర్కం చేసే ఈ పురుగు ఆఫ్రికాది, మన దేశంలో 1985లో వదిలారు. "మన తోటలో ఆ పురుగు చచ్చిపోయింది సారూ" అంటే సగం మంది నమ్ముతారు. కానీ ఆ సారును తోటలోకి రానివ్వకండి. మగ పూతే ఆ పురుగుకు ఇల్లు. మన తోటలో అది తేనెటీగల్లా ముసిరి ఉంటుంది, చూస్తే పట్టుబడతారు. ఆఫీసు దగ్గరే కలిసి మాట్లాడుకోండి. ఇవి రెండూ అయిపోతే సాగర్ ఎడమ కాలువ ఉంది, కరెంటు ఉంది, ఎండలు ఉన్నాయి. కాలువకు నీళ్లు ఆలస్యమైన వార్త పేపర్లో వస్తే కత్తిరించి దాచుకోండి. మన తోటకు నీళ్లు బోరు నుంచే వస్తాయనుకోండి, అయినా ఉపయోగపడుతుంది.

7. నరికిన మట్టలు తోటలో ఉంచకండి. వరుసల మధ్య పేరిస్తే కుళ్లి నేలకు పొటాష్ తిరిగొస్తుంది, తేమ నిలుస్తుంది. నిజమే. కానీ పేర్చడానికి మనిషి కావాలి. నిప్పుకు మనిషి అక్కర్లేదు, అగ్గిపుల్ల చాలు. గాలి పక్క తోటవైపు తిరగకముందే ఇంటికి వచ్చేయండి. డ్రిప్పు పైపులు కరిగితే అడవి పందులు కొరికాయని చెప్పండి. మనది అడవి అంచు, ఎవరూ కాదనరు.

8. కత్తి వేటు కాండంలోకి దిగినా కూలీని తిట్టకండి. పచ్చి గాయం వాసనకు ఎర్రముక్కు పురుగు వస్తుంది. రానివ్వండి. ఇంకో సీజనుకు సాకు దొరికింది.

9. గెలలు తగ్గాయి కాబట్టి ట్రాలీ నిండేదాకా ఆగండి. కోసిన 24 గంటల్లో ఫ్యాక్టరీకి చేరకపోతే నూనెలో ఆమ్లం పెరుగుతుంది. అశ్వారావుపేట ఫ్యాక్టరీ దూరం, అప్పారావుపేటా దగ్గరేమీ కాదు, సగం ట్రాలీకి డీజిలు దండగ. నాలుగు రోజులు గట్టు మీద ఉంచండి. పైన గోనెలు కప్పి నీళ్లు చల్లితే తూకం తగ్గదు. తిప్పి పంపితే "నిన్న సాయంత్రం కోసినవే సారూ" అనండి. గెలకు నోరు లేదు.

10. నరికిన ఏడాదే తోటను కౌలుకు ఇచ్చేయండి. ఇది ఆలస్యం చేస్తే పై తొమ్మిదీ వృథా. అప్పుడే తోట నున్నగా ఉంటుంది, చెట్ల మీద పాత గెలలు వేలాడుతుంటాయి, చూసినవాడికి నోరూరుతుంది. మూడేళ్ల కౌలు ముందే తీసుకోండి, కాగితం మీద మట్టల మాట రానివ్వకండి. రెండో ఏడాది చివర్లో అతను వచ్చి చెట్లన్నీ మగ పూతే వేస్తున్నాయని మొత్తుకుంటాడు. "నీ చేతిలోకి వచ్చాకే ఇలా అయింది తమ్ముడూ" అనండి. తోట వదిలి వెళ్లిపోతాడు. డబ్బు మీ దగ్గరే ఉంటుంది.

తోట తిరిగి మీ చేతికి వచ్చాక మిగిలిన పదిహేనులో ఎనిమిది తీయించండి. పచ్చదనం నిండుగా ఉన్న చెట్టుకు ఎండాకాలం రోజుకు సుమారు 200 లీటర్ల నీళ్లు పోయాలి, ఏడాది పొడుగునా యూరియా, పొటాష్ వేస్తూ ఉండాలి. ఏడు మట్టల చెట్టుకు అవేవీ వేయనక్కర్లేదు. మోటారు అమ్మేయండి. కొనేవాడికి కాలిపోయిన స్టార్టరు కూడా కలిపి ఇవ్వండి, అమ్మేముందు దాని మూత తుడవండి.