చిరుధాన్యాల హోటల్లో లాభపడే మార్గాలు

2023ని ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. దానివల్ల రైతుకి ఎంత ఒరిగిందో రైతునే అడగాలి. మనకి మాత్రం బాగా కలిసొచ్చింది. అంతకుముందు హోటల్లో కూర్చుని వరసగా నాలుగు దోసెలు లాగిస్తే పక్క టేబుల్ వాళ్లు తిండిపోతు అనుకునేవారు. ఇప్పుడు అవే నాలుగూ కొర్ర దోసెలైతే ‘ఆరోగ్యం మీద ఎంత శ్రద్ధో’ అంటున్నారు. మాదాపూర్, కొండాపూర్ మొదలుకుని విజయవాడ, విశాఖ దాకా మిల్లెట్ టిఫిన్లు, సలాడ్లు, జ్యూసుల బోర్డులు వెలిశాయి. ప్రతి బోర్డు మీదా ఒక ఆకు బొమ్మ, ‘తాజా’ అన్న మాట తప్పనిసరి.

ఇంత మంచి కాలం వస్తే కొందరేం చేస్తున్నారో తెలుసా? వెళ్లి, ఆకలికి సరిపడా తిని, అయినంత డబ్బిచ్చి, ఇంటికొచ్చి పడుకుంటున్నారు. వాళ్లని చూసి జాలేసి ఈ చిట్కాలు రాస్తున్నాం. పాటించండి. ఫలితం మూడు నెలల్లో తప్పక కనబడుతుంది.

1. ముందు ఇంటి వంటని దెబ్బతీయండి.

ఇంట్లో కూర బాగుంటే బయటికి వెళ్లడానికి కారణం దొరకదు. కాబట్టి రైతుబజారు నుంచి తెచ్చిన బెండకాయలు ముదిరేదాకా, తోటకూర ఫ్రిజ్‌లో నల్లబడేదాకా ఓపిక పట్టండి. ఆ తర్వాత తలుపు తీసి, ‘ఈ ఇంట్లో తాజాగా ఒక్కటీ ఉండదు’ అని నిట్టూర్చండి. అమ్మ ఏం కూర చేయమంటావని అడిగితే ‘ఏదో ఒకటి’ అనండి. చేశాక ‘ఇదా?’ అనండి. వారం తిరిగేసరికి వంటింట్లో ఉత్సాహం చల్లారిపోతుంది. ఇంక తాజా ఆహారం కోసం మీరు బయటపడక తప్పదు. తప్పు మీది కాదు, బెండకాయలది.

2. బిల్లు కట్టే మనిషిని చూసుకుని బయల్దేరండి.

జీతం పెరిగినవాడు, పెళ్లి కుదిరినవాడు, ప్లాటు అమ్మినవాడు, ఎవరైనా పనికొస్తారు. అందరికన్నా శ్రేష్ఠం అమెరికా నుంచి సెలవుల్లో వచ్చిన బావ. ఆయనకి మన నూనెలంటే భయం, మసాలా అంటే భయం, నీళ్లంటే మరీ భయం. ‘బావా, నీ కడుపు పాడవకూడదనే ఈ హోటల్ వెతికిపెట్టాను’ అనండి. కళ్లు చెమరుస్తాయి. ఆయనవి. నాలుగు వందల రూపాయల సలాడ్ చూసి మీ గుండె ఆగినా ఆయన గుండె ఆగదు, డాలర్లలోకి మార్చుకుని ‘ఇంతేనా!’ అంటాడు. అదే అదనుగా చేతికందిన మెనూ అంతా ఆర్డరివ్వండి. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు పక్కింటి పిల్లలకి కూడా రెండు రాగి లడ్డూలు పార్సిల్ చెప్పండి.

మంచినీళ్ల సీసా మాత్రం మీ జేబులోంచి కొనండి. ఇరవై రూపాయలు. ‘నీళ్లకి కూడా నిన్ను ఇవ్వనివ్వలేదు బావా’ అని ఏళ్ల తరబడి చెప్పుకోవచ్చు.

3. ఆదివారం ఉదయం వెళ్తే ఇంట్లో షుగరున్న పెద్దాయనని వెంటబెట్టుకోండి.

తొమ్మిదిన్నరకి హోటల్ ముందు పేర్లు రాసుకునే కుర్రాడు నలభై నిమిషాలు పడుతుందంటాడు. వాదించకండి. పెద్దాయన భుజం పట్టుకుని, ‘మామయ్యకి షుగరు, టైముకి తినకపోతే కళ్లు తిరుగుతాయి’ అనండి. మామయ్యగారు అమాయకంగా ‘నాకేం కాలేదురా, ఇందాకే ఇడ్లీ తిన్నా’ అనబోతారు. ఆ మాట బయటికొచ్చేలోపు ఆయన్ని కుర్చీలో కూలేయండి. ఆయన కోసం తెప్పించిన అరికెల పొంగలి ఆయన సగంలో ఆపేస్తారు. మిగతా సగం ఎవరిదో చెప్పనక్కర్లేదు.

4. పాండిత్యం ఒలకబోయండి.

కొర్రలు, అరికెలు, సామలు, ఊదలు, అండుకొర్రలు. ఈ అయిదు పేర్లు గుక్కతిప్పుకోకుండా చెప్పడం అద్దం ముందు సాధన చేయండి. ఏది ఎలా ఉంటుందో తెలియనక్కర్లేదు. వీలైతే డాక్టర్ ఖాదర్ వలీ పేరు కూడా కలపండి. సిరిధాన్యాల ప్రచారంతో పేరొచ్చి 2023లో పద్మశ్రీ అందుకున్న మనిషి, ఆయన పేరు చెప్తే ఎదుటివాడు నోరెత్తడు. నానబెట్టుకోమని, అంబలి కాచుకోమని, నడవమని ఆయన చెప్పే భాగం ఉంది చూశారా, అది వదిలేయండి. టేబుల్ దగ్గర అంత సమయం ఉండదు.

5. అడుగున చిరుధాన్యం ఉంటే పైన ఏం పోసినా లెక్కలోకి రాదు.

ఇది ఈ శాస్త్రానికి మూలసూత్రం. నెయ్యి కారం కొర్ర దోసె చెప్పండి. చెప్పి కూర్చోకండి, పెనం దగ్గరికి వెళ్లండి. మాస్టారు పెనం మీద నీళ్లు చల్లి, అది చుయ్యిమన్నాక గిన్నెతో పిండి పోసి గుండ్రంగా తిప్పుతాడు. అంచులు లేస్తుండగా చెంచాతో చుట్టూ నెయ్యి తిప్పుతాడు. చాలామంది మాస్టర్లకి చెయ్యి అక్కడ ఆగిపోయే జబ్బుంది. మీరు ఆ చెంచా వైపే చూస్తూ నిలబడండి. ‘మధ్యలో కూడా’ అనండి. గ్రాము నెయ్యికి 9 కేలరీలని, పెద్ద చెంచాడు వేస్తే నూట ఇరవై దాటుతాయని లెక్కలు చెప్పే స్నేహితుడుంటే, అతన్ని పార్కింగ్ చూసిరమ్మని పంపండి.

ఇంకో సంగతి. పిండిలో కొర్రలెన్ని, బియ్యమెన్ని అని ఎన్నడూ అడగకండి. అడిగితే చెబుతారు. చెబితే మూడో దోసె దిగదు.

6. జ్యూసులు తాగండి, నమలడం తగ్గించండి.

యాపిల్, బీట్‌రూట్, క్యారెట్ కలిపిన ఎర్రటి గ్లాసు చేతిలో ఉంటే మనిషి ముఖానికి ఒక తేజస్సు వస్తుంది. పిప్పి వాళ్లే తీసి పారేస్తారు, పీచు బాధ మనకుండదు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో రసం కన్నా పండు తినడమే మేలంది. శాస్త్రవేత్తలు కదా, నమలడానికి తీరిక ఉంటుంది.

‘చక్కెర వద్దు’ అని గట్టిగా, నాలుగు టేబుళ్లకి వినబడేలా చెప్పండి. తర్వాత మెల్లిగా ‘బెల్లం వేయండి, కాస్త ఎక్కువే’ అనండి. వంద గ్రాముల చక్కెరలో నాలుగొందల దాకా కేలరీలుంటే బెల్లంలోనూ ఇంచుమించు అంతే. అయినా చక్కెర ఫ్యాక్టరీది, బెల్లం అనకాపల్లిది. మన తాతలు బెల్లం తిని తొంభై ఏళ్లు బతకలేదా? వాళ్లు పొద్దున్నే మడక పట్టి పొలం దున్నేవారన్న ప్రస్తావన ఎవరైనా తెస్తే, రాగిజావ చల్లారిపోతోందని గుర్తుచేయండి. వంద గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాముల పైగా కాల్షియం ఉంటుంది. గ్లాసు జావలో రాగిపిండి ఎన్ని చెంచాలు పడిందన్నది వాళ్ల వృత్తి రహస్యం.

7. సలాడ్ ఒకటే తెప్పించండి, టేబుల్ మొత్తానికి.

సలాడ్ తినే వస్తువు కాదు, ఫొటో తీసే వస్తువు. మధ్యలో పెట్టండి. దానిమ్మ గింజలు పైకి తేలేలా ఫోర్కుతో సర్దండి. వెలుతురు కిటికీ వైపు నుంచి పడాలి. పనీర్ బజ్జీల ప్లేటు అంచు పడకుండా చూసుకుని నొక్కండి. వెంటనే కుటుంబం గ్రూపులో పెట్టండి, పిన్ని అయిదు చప్పట్లు కొడుతుంది. కూరగాయలూ ఆకుకూరలూ కలిపి రోజుకి 400 గ్రాములు తినమంటుంది ఇందాకటి తార్నాక సంస్థే. మీ ఫొటోలో అంతకన్నా ఎక్కువే కనిపిస్తున్నాయి. సలాడ్‌ని పార్సిల్ కట్టించి ఇంటికి తెచ్చి, ఫ్రిజ్‌లో బెండకాయల పక్కన పెట్టండి.

8. చట్నీ మీ జన్మహక్కు.

దోసె ముక్క తుంచకముందే చట్నీ గిన్నె ఖాళీ చేసి ‘అయిపోయింది’ అనండి. రెండోసారి వేరే సర్వర్‌ని పిలవండి. మూడోసారి మొదటి సర్వర్‌ని పిలిచి, రెండో సర్వర్ పట్టించుకోలేదని చెప్పండి. సాంబారు గిన్నె ఎత్తి తాగండి, సూపు డబ్బులు మిగులుతాయి. ఉప్పు రోజుకి 5 గ్రాములు దాటకూడదంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. జెనీవాలో పల్లీ చట్నీ దొరకదు కాబట్టి వాళ్లు ఏమైనా అంటారు.

9. మెనూలో కేలరీలు వేసి ఉంటే కంగారు పడకండి.

పదీ అంతకు మించి శాఖలున్న హోటళ్లు ప్రతి వంటకం పక్కనా కేలరీలు వేయాలని ఆహార భద్రతా సంస్థ నిబంధన. ఆ అంకెల్ని బొటనవేలితో కప్పేవాళ్లున్నారు, పిరికివాళ్లు. మీరు ధైర్యంగా చదవండి. కేలరీలని ధరతో భాగించండి. రూపాయికి ఏది ఎక్కువ ఇస్తోందో అది తెప్పించండి. ఇచ్చిన డబ్బుకి సరుకు రాబట్టుకోవాలి కదా.

10. రోడ్డు పక్క జొన్నరొట్టెల బండి వైపు పోకండి.

ఇది చాలా ముఖ్యం. సాయంత్రం ఆరు దాటాక హైదరాబాద్‌లో ఏ బస్తీ మలుపులోనైనా ఈ ప్రమాదం పొంచి ఉంటుంది. ఒకామె జొన్నపిండిలో వేన్నీళ్లు పోసి మర్దించి, ముద్ద తీసి, పొడిపిండి చల్లి అరచేత్తో తడుతుంటుంది. ముద్ద తిరుగుతూ తిరుగుతూ వెడల్పవుతుంది. అంచు చీలితే వేలితో అదిమి అతికిస్తుంది. రెండు చేతులతో ఎత్తి పెనం మీద వేసి, పైన తడి చెయ్యి రాస్తుంది. ఆ తడి ఆరగానే తిరగేసి, చివర్లో నిప్పుల మీద నిలబెడితే రొట్టె ఉబ్బుతుంది. చుక్క నూనె పడదు. పక్కనే పచ్చిమిరప తొక్కు, పప్పు. వాసన... ఇంక అక్కడ నిలబడకండి. నడవండి.

ఎందుకంటే అక్కడ మన విద్య ఒక్కటీ పనిచేయదు. ఏసీ ఉండదు, ఫొటో బాగా రాదు, బావని తీసుకెళ్లలేం, బిల్లు మీద గొడవపడదామంటే అసలు బిల్లే ఉండదు. రెండు రొట్టెలకే కడుపు నిండిపోతుంది, ఇంక ఆర్డరివ్వడానికి ఏం మిగులుతుంది? ఆమెకి మిల్లెట్ అన్న మాట కూడా అక్కర్లేదు, జొన్న అంటుంది. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో 1983లో మొదలైన డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఆడవాళ్లయితే ఏ అంతర్జాతీయ సంవత్సరమూ రాకముందే జొన్నలూ కొర్రలూ పండించి, విత్తనం దాచి, వండుకు తింటూ వచ్చారు. ఫొటోకి ముందే తినేసినవాళ్లతో మనకి పోటీ వద్దు.

11. బిల్లు వచ్చాక చట్టం మాట్లాడండి.

సర్వీస్ ఛార్జీని హోటల్ తనంతట తాను బిల్లులో కలపకూడదని వినియోగదారుల పరిరక్షణ సంస్థ 2022 జులైలో చెప్పింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా దాన్ని నిలబెట్టింది. వేశారా? తీయించండి, తీయకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తానని ఫోన్ పైకెత్తండి. ఇంతవరకూ మీది న్యాయమే, అందుకే ఇక్కడితో ఆగకండి. వేయలేదా? అప్పుడు సర్వర్‌తో, ‘సర్వీస్ ఛార్జీ బిల్లులోనే ఉంటుందనుకున్నా తమ్ముడూ, చిల్లర తేలేదు’ అనండి. ఇందాక రెండుసార్లు చట్నీ తెచ్చింది ఆ తమ్ముడే.

తర్వాత 5 శాతం జీఎస్టీ దగ్గర ఆగండి. 2025 సెప్టెంబరులో వ్యక్తిగత ఆరోగ్య బీమా మీద జీఎస్టీ తీసేశారు, మరి కొర్ర దోసె కూడా ఆరోగ్యమే కదా అని క్యాషియర్‌ని నిలదీయండి. వెనక క్యూ పెరిగేకొద్దీ మీ వాదనకి బలం పెరుగుతుంది. చివరికి వాళ్లు చిన్న రాగి లడ్డూ ఇచ్చి పంపిస్తారు. తీసుకోండి. పిడికెడు సోంపు కూడా.

12. తిరుగుదారిలో బిర్యానీ పార్సిల్ తీసుకోండి.

రోజంతా ఆరోగ్యంగా తిన్నారు, ఖాతాలో పుణ్యం జమయింది, ఖర్చు పెట్టాలిగా.

13. మూడు నెలలయ్యాక రక్తపరీక్ష.

ఫాస్టింగ్ షుగర్‌ని ముందురోజు ఉపవాసంతో కాస్త బుజ్జగించవచ్చు. హెచ్‌బీఏ1సీ అనేది ఒకటుంది, దాంతో జాగ్రత్త. అది మూడు నెలల సగటు చెప్పేస్తుంది, మొహమాటం లేని పరీక్ష. 5.7 వస్తే హెచ్చరిక, 6.5 వస్తే మధుమేహం. మీకు 7.2 వస్తే ల్యాబ్ మార్చండి. అక్కడా అంతే వస్తే డాక్టర్‌ని మార్చండి. కొత్త డాక్టర్ ఏం తింటున్నారని అడిగితే తడబడకండి, ‘అంతా మిల్లెట్సే సార్’ అనండి. ఫోన్లో సలాడ్ ఫొటో ఎలాగూ ఉంది, తీసి చూపించండి.